ముందుగదిలో మయసభ

మహాభారతమునందలి మయసభా వృత్తాంతము తెలుగువారిలో ఎరుగనివారుండరు. ధర్మరాజు సభాభవనమును చూడవచ్చిన దుర్యోధనుడు నీరు లేనిచోట నీరున్నదని భ్రమించి వస్త్రమును పైకెత్తుకొనెను. నీరున్నచోట నేల యని తలచి అడుగువేసి మడుగులో పడెను. ద్వారమని పోయి స్ఫటికపు గోడకు తల తాకించుకొనెను. ఆ సభను కట్టిన మయుని నేర్పు గొప్పదే. కాని వచ్చిన అతిథికి ఇది నేల, ఇది నీరు అని ముందుగా చెప్పువాడు మాత్రము లేకపోయెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆ నవ్వు ఎంతవరకు పోయినదో అందరకు తెలిసినదే.

ఈ కాలమున అట్టి సభ యొకటి ఇండ్ల ముందుగదులలోనికి వచ్చినది. దానిని వర్చువల్ రియాలిటీ యందురు. కల్పితమైనను యథార్థమువలె తోచు లోకమని దానికి అర్థము. కన్నులను పూర్తిగా కప్పివేయు హెడ్‌సెట్‌ను తలకు తగిలించుకొన్న వానికి సముద్రగర్భము కనబడును, కొండకొమ్ము కనబడును. తన ఇంటిలోని బల్ల మాత్రము కనబడదు. కనబడనంత మాత్రమున బల్ల అచ్చటినుండి తొలగిపోదు. కావున ఈ యంత్రమును ఇంటిలో అమర్చువాడు మయుని పనితోపాటు, మయసభలో ఎవరును చేయని ఆ రెండవ పనిని కూడ చేయవలసియుండును. యంత్రమును కొనుట ధనముతో తీరును. ఇంటిల్లపాదియు భయము లేక వాడుకొనునట్లు చేయుటకు ఆలోచన కావలెను.

ఇందలి కిటుకు మొదట తెలిసికొనదగినది. ఒక కన్ను మూసికొని సూదిలోనికి దారమెక్కింప జూచినచో దారము సూదికి ముందో వెనుకో పోవుచుండును. రెండు కన్నుల నడుమ కొంత దూరముండుటచే ఒకే వస్తువు రెండు కన్నులకు కొంచెము వేరువేరుగ కనబడును. ఆ రెండు చిత్రములను మెదడు కలిపి, వాని భేదమునుబట్టి వస్తువు ఎంత దూరమున నున్నదో గ్రహించును. 1838లో ఛార్లెస్ వీట్‌స్టన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఈ విషయమును చక్కగ నిరూపించెను. అతడు ఒకే వస్తువునకు రెండు చిత్రములు గీసి, అద్దముల సాయమున కుడికంటికి ఒకటి, ఎడమకంటికి ఒకటి కనబడునట్లు చేయగా, కాగితముపైని బొమ్మ లోతుగలిగిన వస్తువువలె తోచెను. ఆ పరికరమునకు స్టీరియోస్కోప్ అని పేరు.

అద్దములకు బదులు కటకములు పెట్టి డేవిడ్ బ్రూస్టర్ దానిని చిన్నదిగ చేసెను. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున విక్టోరియా రాణి దానిని చూచి మెచ్చుకొనెను. పిదప 1861 ప్రాంతమున అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అను వైద్యుడు చేతపట్టుకొనుటకు వీలైన చవుక రకమును రూపొందించి, దానిపై ఎట్టి హక్కును కోరక అందరకు విడిచిపెట్టెను. అందుచే అది ఇంటింటను చేరెను. సాయంకాలము చుట్టములు వచ్చినపుడు ఈజిప్టు పిరమిడుల చిత్రమును, ఆల్ప్స్ పర్వతముల చిత్రమును దానిలో పెట్టి, ఒకరు చూచి మరియొకరి చేతికిచ్చుచుండిరి. దానిని వాడుటకు ఎవరును ఏమియు నేర్చుకొన నక్కరలేకుండెను. ముందుగదిలో నిలువగోరు ఏ యంత్రమునకైనను ఈ సుగుణమే ముఖ్యము. నేటి యంత్రములలో తరచుగా కొరవడినదియు ఇదియే.

స్టీరియోస్కోపులోని చిత్రము కదలదు. తల ప్రక్కకు త్రిప్పినను అదే కనబడును. తల త్రిప్పినపుడు లోకము కూడ తదనుగుణముగ మారవలెనన్నచో ప్రతిక్షణము క్రొత్త చిత్రము గీయగల యంత్రము కావలెను. అమెరికాలో ఐవన్ సదర్లండ్ 1968లో కంప్యూటరు సాయమున దీనిని సాధించెను. తల కదలికను కొలుచు కడ్డీ పైకప్పునుండి వ్రేలాడుచుండ, దాని క్రింద మనిషి నిలిచి చూడవలసియుండెను. అతనికి కనబడినది గీతలతో గీసిన చిన్న పెట్టెవంటి ఆకారము మాత్రమే. కాని అతడు ప్రక్కకు జరిగినచో ఆ పెట్టె ప్రక్కభాగము కనబడెను. నేటి యంత్రములన్నియు దాని సంతానమే.

అట్టిది సామాన్య గృహములకు అమ్మకమునకు వచ్చుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టెను. 2016 మార్చిలో ఆక్యులస్ రిఫ్ట్, ఏప్రిల్‌లో హెచ్‌టీసీ వైవ్ అను హెడ్‌సెట్లు వెలువడెను. అమెరికాలో మొదటిదాని వెల 599 డాలర్లు, రెండవదాని వెల 799 డాలర్లు. ఇవి రెండును తమంతట తాము చిత్రములు గీయజాలవు; ఆ పని చేయుటకు బలమైన కంప్యూటరును వేరుగ కొనవలసియుండెను. ఎంత బలమైనదో లెక్కచూచిన తెలియును. వైవ్‌లో ఒక్కొక్క కంటి యెదుట అడ్డముగ 1080, నిలువుగ 1200 చుక్కలు గల తెర యుండెను. రెండు కన్నులకు కలిపి 25,92,000 చుక్కలు. వీనిని క్షణమునకు 90 మారులు క్రొత్తగ వేయవలెను. అనగా క్షణమునకు 23 కోట్ల 32 లక్షల 80 వేల చుక్కలు. సాధారణముగ 1920, 1080 చుక్కల తెరపై క్షణమునకు 60 మారులు బొమ్మ మారినచో 12 కోట్ల 44 లక్షల చుక్కలు చాలును. అందుచేతనే ఆ రోజులలో ఎన్విడియా జీటీఎక్స్ 970 వంటి చిత్రసామర్థ్యము గల కార్డు కంప్యూటరులో నుండవలెనని తయారీదారులు సిఫారసు చేసిరి.

90 మారులు ఎందుకు? సినిమా బొమ్మకు క్షణమునకు 24 చాలునుగదా యని సందేహము కలుగవచ్చును. సినిమా చూచువాడు కుర్చీలో కదలక కూర్చుండును. ఇచ్చట తల కదలుచుండును. చెవిలోపల అర్ధవృత్తాకారపు నాళములు మూడు కలవు. వానిలోని ద్రవము తల ఏ వైపునకు తిరిగినదో మెదడునకు తెలుపుచుండును. తల తిరిగెనని చెవి చెప్పి, చిత్రము వెనుకబడినచో మెదడు కలవరపడును. తల కదలుటకును చిత్రము మారుటకును నడుమ క్షణములో యాభైయవ వంతుకంటె ఎక్కువ జాగు కాకుండుట మంచిదని దీనిని చేయువారందురు. జాగు పెరిగినకొలది చెమట పట్టును, తల తిరుగును, వాంతి వచ్చును. ఘాటురోడ్డుపై బస్సులో కూర్చుండి పుస్తకము చదువువారికి కలుగు బాధ ఇట్టిదే. అచ్చట చెవి కదలిక యనును, కన్ను లేదనును. ఈ బాధను ఒక్కమారు అనుభవించిన ముసలమ్మ ఆ యంత్రమును మరల ముట్టదు. కావున కంప్యూటరు బలమును తగ్గించి ధనము మిగుల్చుకొనజూచుట నిజమైన పొదుపు కాదు.

ఇక గది విషయము. నిలిచి తిరుగుటకు వైవ్ తయారీదారులు కోరిన కనీస స్థలము 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు. ఇది మంచముపాటి స్థలమే యైనను ముందుగదిలో దొరకుట కష్టము. ఏదియో బల్లను ప్రక్కకు త్రోయుచుండవలసివచ్చును. త్రోయుట బరువైన పనియైనచో యంత్రము నెలకొకమారు కూడ వాడబడదు. తేలికయైన బల్లను, మడత కుర్చీలను ఆ గదిలో నుంచుకొనుట మేలు. ఆ స్థలము నడుమ చిన్న చాప యొకటి పరచినచో పాదములకు దాని గరుకుదనము తెలియుచుండును; చాప దాటినచో అంచు దగ్గరపడినదని కన్నులతో పనిలేకయే గ్రహింపవచ్చును. ఇంతకంటె చవుకయైన కాపుదల మరియొకటి లేదు.

నేలను చూచినవారు తరచుగా పైకప్పును మరతురు. విదేశములలో వ్రాసిన సూచనలలో పైకప్పు దీపమును గురించి హెచ్చరింతురు. తెలుగునాట ముందుగది నడుమ తిరుగుచుండు పంకా దానికంటె ప్రమాదకరము. కల్పిత లోకములో పైనున్న పండును కోయుటకు చేయెత్తిన పొడుగరి చేతిలో గట్టి కంట్రోలరు ఉండును. పంకా తక్కువ ఎత్తున నున్నచో దానిని నిలిపివేసి, గోడకుగాని నేలపైగాని వేరొక పంకా పెట్టుకొనవలెను. హెడ్‌సెట్ ముఖమును కప్పుటచే చెమట ఎక్కువగ పోయును గనుక గాలి లేకుండ గడపుటకు వీలులేదు. నేలమీది పంకావలన ఇంకొక లాభము కలదు. గాలి ఎటునుండి వచ్చుచున్నదో తెలియుటచే, కన్నులు మూతపడిన వానికి తానెటు తిరిగియున్నాడో తెలియుచుండును.

వైవ్‌నకు రెండు చిన్న పెట్టెలుండెను. వానినుండి కంటికి కనబడని పరారుణ కిరణములు గదినంతటిని అడ్డముగను నిలువుగను తుడుచుచుండును. హెడ్‌సెట్‌పైని 32 గ్రాహకములకును, ఒక్కొక్క కంట్రోలరుపైని 24 గ్రాహకములకును ఆ కిరణము ఎప్పుడెప్పుడు తగిలినదో లెక్కించి, అవి గదిలో ఎచ్చట నున్నవో కంప్యూటరు కనుగొనును. దీపస్తంభపు వెలుగు తనపై పడిన సమయమునుబట్టి ఓడ తన స్థానమును తెలిసికొన్నట్లు ఇది పనిచేయును. ఆ పెట్టెలను ఎదురెదురు మూలలలో, రెండు మీటర్లకు మించిన ఎత్తున, 30 మొదలు 45 డిగ్రీల వరకు క్రిందికి వంచి, కదలకుండ గోడకు బిగింపవలెను. బీరువాపై ఊరక పెట్టినచో తలుపు వేసినపుడెల్ల అవి అదరును. లోపల చూచువానికి లోకమే అదరినట్లుండును. గదిలో నిలువుటద్దమున్నచో కిరణము దానిపై పడి వెనుకకు మరలి లెక్క తప్పించును. వాడునపుడు దానిపై దుప్పటి కప్పవలెను. నిలువుటద్దము లేని ముందుగదులు తక్కువ. బీరువా తలుపునకున్న అద్దము కూడ ఈ లెక్కలోనికి వచ్చును.

అమరిక పూర్తియైన పిమ్మట, కంట్రోలరు చేతపట్టుకొని ఖాళీస్థలపు అంచువెంబడి ఒకమారు నడచినచో ఆ హద్దును కంప్యూటరు జ్ఞాపకముంచుకొనును. ఆడువాడు హద్దునకు దగ్గరైనపుడు కల్పిత లోకములో గళ్ల గోడ యొకటి ప్రత్యక్షమగును. మయసభలో కొరవడిన హెచ్చరిక ఇదియే. అయితే హద్దు గీయునపుడు ఆశపడి బల్ల అంచువరకు గీయువారు పలువురు. చేయి చాచిన దూరము గోడకును హద్దునకును నడుమ విడువనిచో ఆ గళ్ల గోడ కనబడులోపలనే దెబ్బ తగులును. హద్దు గీచిన పిదప కుర్చీని లోపలికి జరిపినచో అది కంప్యూటరునకు తెలియదను మాటయు ఇంటిలోని పిల్లలందరకు చెప్పియుంచవలెను.

ఇంతవరకు చెప్పినది అపాయమును గురించి. సులభత వేరొక విషయము. ఇంటిలో కంప్యూటరు తెలిసినవాడు ఒక్కడే యుండును. అతడు ఊరికి పోయిననాడు యంత్రము మూలబడును. తాతగారు మీట నొక్కగానే ఏమి జరుగవలెనో ముందుగ నిశ్చయించుకొని, ఆ ప్రకారము అమర్చిననే ఈ చిక్కు తీరును. మీట నొక్కుటతో కంప్యూటరు మేలుకొనవలెను. రహస్యపదము అడుగకుండ కుటుంబమునకై వేరుచేసిన ఖాతాలోనికి పోవలెను. వర్చువల్ రియాలిటీ కార్యక్రమము తనంతట తాను తెరచుకొనవలెను. ఆ ఖాతాలో ఎవరి ఉత్తరములుగాని, బ్యాంకు వివరములుగాని ఉంచరాదు. క్రొత్త ఆటలు కొనుటకు మాత్రము రహస్యసంఖ్య పెట్టుట అవసరము; లేనిచో పిల్లలు తెలియక కొందురు. తెరపై నలుబది బొమ్మలు పరచుటకంటె నాలుగైదు ఉంచుట మంచిది. కంప్యూటరులు తమ లోపలి కార్యక్రమములను క్రొత్తవానితో మార్చుకొనుచుండును. ఆ పని రాత్రివేళ జరుగునట్లు చేయనిచో, చుట్టములు వచ్చి కూర్చున్న సాయంకాలమున తెరపై 'వేచియుండుడు' అను మాట మాత్రమే కనబడును. కంట్రోలర్లను వాడిన వెంటనే విద్యుత్తు ఎక్కించు తీగకు తగిలించు నియమము కూడ, దువ్వెన దాని స్థానమున పెట్టు నియమమువలె, ఇంటిలో అలవాటు కావలెను.

తలకు తగిలించుకొనుటలో కూడ మనిషికి మనిషికి భేదము కలదు. కంటిపాపల నడుమ దూరము పెద్దవారిలో సగటున 63 మిల్లీమీటర్లు. కొందరికి 55, కొందరికి 70. హెడ్‌సెట్‌లోని కటకములు ఆ దూరమునకు సరిపడనిచో బొమ్మ మసకగనుండి కన్నులు లాగును. వైవ్‌లో దానిని సరిచేయుటకు చిన్న త్రిప్పుడు బిళ్ల యుండెను. ఇంటిలో ఒక్కొక్కరి కొలత ఒకమారు చూచి, కాగితముపై వ్రాసి, హెడ్‌సెట్ పెట్టు బల్ల ప్రక్కన అంటించినచో ప్రతిమారు తడుముకొనవలసిన పని యుండదు. కళ్లజోడు పెట్టుకొనువారు హెడ్‌సెట్‌ను ముందునుండి ముఖమునకు చేర్చి, పిమ్మట పట్టీని వెనుకకు లాగుకొనవలెను. పైనుండి టోపీవలె దించినచో జోడు వంగిపోవును. చిన్నపిల్లల కంటిపాపల దూరము తక్కువ. ఆక్యులస్ వారు తొలుత 13 ఏండ్లలోపు పిల్లలకు తమ యంత్రము తగదనిరి. ఆ సంస్థను 2014లో కొన్నవారు 2023లో తలిదండ్రుల అదుపులో నుండు ఖాతాలతో 10 ఏండ్ల వారికి అనుమతి ఇచ్చిరి. ఐదారేండ్ల బిడ్డ ఏడ్చినంత మాత్రమున దానిని తలకు తగిలించుట ఎవరును చేయరాని పని.

మొదటిమారు ఏమి చూపవలెనన్నది చాలమంది ఆలోచింపని విషయము. కుర్రవారు తమకు ఇష్టమైన దానినే అమ్మమ్మకు చూపుదురు. ఎత్తైన మేడపైనుండి పలకమీద నడచుట, పట్టాలపై బండి దిగజారుట చూపి, ఆమె కెవ్వుమన్నచో నవ్వుదురు. దుర్యోధనుని చూచి నవ్వినవారు చేసిన తప్పే ఇది. చూచువాడు తన కాళ్లతో కదలిన దానికంటె ఎక్కువగ లోకము కదలని దృశ్యమునే మొదట చూపవలెను. 2016లో వచ్చిన 'ది బ్లూ' అను దానిలో మనిషి సముద్రములో మునిగిన ఓడ తట్టుపై ఊరక నిలుచుండును. పెద్ద తిమింగిలము నెమ్మదిగ దగ్గరకు వచ్చి కన్నెత్తి చూచి పోవును. చెవికి, కంటికి నడుమ తగవు లేదు. నిలువలేనివారిని చేతులు గల కుర్చీలో కూర్చుండబెట్టవచ్చును. అదే సంవత్సరము నవంబరులో విడుదలయైన గూగుల్ ఎర్త్ వర్చువల్ రియాలిటీ కార్యక్రమములో భూమిపై కోరినచోటికి పోవచ్చును. ఎగురునపుడు చుట్టునున్న దృశ్యమును కుదించి, నడుమ కొంత మాత్రమే చూపు ఏర్పాటు అందులో కలదు. దానిచే తల త్రిప్పుట తగ్గును. పుట్టినయూరు విడిచి ఏండ్లు గడచిన వృద్ధులకు నదిపైనుండి తమ యూరివైపు దిగిరావడముకంటె ప్రియమైన దృశ్యము ఉండదు. అయిదు నిమిషములలో ఆపవలెను. బాగున్నదని వారు కోరినను ఆపి, కొంత విశ్రాంతి పిదప మరల చూపవలెను.

ఒకరు చూచుచుండగా తక్కినవారు ఏమి చేయుదురు? 1995లో నింటెండో సంస్థ వర్చువల్ బాయ్ అను ఆటపరికరమును తెచ్చెను. దానిని బల్లపై నిలిపి, కన్నులు లోపల పెట్టి, నలుపుమీద ఎరుపు గీతల బొమ్మలు చూడవలెను. చూచువానికి తప్ప ప్రక్కవారికి ఏమియు కనబడదు. ఏడాదిలోపలనే దాని అమ్మకము నిలిచిపోయెను. వైఫల్యమునకు కారణములు పెక్కు. ఒకనిని కుటుంబమునుండి వేరుచేసి బల్లకు అంటించుట వానిలో చిన్నది కాదు. నేటి కంప్యూటరు లోపలివాడు చూచునదానిని గదిలోని టెలివిజను తెరపై కూడ చూపగలదు. దీనికై మరియొక తీగ కలుపవలెను, అంతే. అప్పుడు చెల్లెలు 'అన్నా, నీ వెనుక చేప!' యని అరవగలదు. తల్లి వంటింటినుండి వచ్చి చూడగలదు. ధ్వని కూడ చెవులకు బిగించు గొట్టములనుండి గాక టెలివిజనునుండి వచ్చినచో లోపలివానికి గదిలోని మాట వినబడును. వైవ్ తీగ అయిదు మీటర్ల పొడవుండి కాళ్లకు చుట్టుకొనుచుండెను గనుక ప్రక్కన ఒకరు నిలిచి దానిని తొలగించుచుండవలసియుండెను. అది ఇబ్బందియే, అయినను ఆ తీగ పుణ్యమా యని ఆడువానిని కనిపెట్టియుండు మనిషి యొకడు ఎప్పుడును గదిలో నుండెను.

2019 మేలో ఆక్యులస్ క్వెస్ట్ వచ్చుటతో తీగయు, మూలల పెట్టెలును, విడి కంప్యూటరును అవసరము లేకపోయెను. కంప్యూటరంతయు హెడ్‌సెట్‌లోనే అమర్చిరి. ముందువైపున నున్న నాలుగు కెమెరాలు గదిని చూచి స్థానమును లెక్కించును. హద్దు దాటినపుడు గది నలుపుతెలుపులలో కన్నుల యెదుట కనబడును. 2020లో వచ్చిన రెండవ రకములో కటకముల దూరమును 58, 63, 68 మిల్లీమీటర్లు అను మూడు మెట్లలో మార్చవచ్చును. 2023 నాటి మూడవ రకములో గది రంగులతో కనబడును. వెనుకటి అమరికలో సగము శ్రమ దీనితో తీరినది. చిత్రసామర్థ్యము మాత్రము పెద్ద కంప్యూటరుతో సమానము కాదు. రెండు మూడు గంటలలో విద్యుత్తు తరిగిపోవును. కెమెరాలకు వెలుతురు కావలెను గనుక చీకటి గదిలో పనిచేయదు.

వెలుతురు కావలెనని కిటికీ ప్రక్కన పెట్టుట మరియొక పొరపాటు. హెడ్‌సెట్‌లోని కటకములు భూతద్దముల వంటివి. వానిపై ఎండ సూటిగ పడినచో కిరణములు ఒకచోట చేరి లోపలి తెరను నిమిషములలో కాల్చును. అట్లు పడిన మచ్చ ఎన్నటికిని పోదు. వాడుట ముగిసిన పిదప ముఖమునకు తగులు భాగమును తడిగుడ్డతో తుడిచి, కటకములను పొడి మెత్తని గుడ్డతో మాత్రమే తుడిచి, కటకములు క్రిందివైపునకుండునట్లు పెట్టెలో పెట్టి మూత వేయవలెను. పెట్టెను చిన్నపిల్లలకు అందనంత ఎత్తునను, తాతగారికి అందునంత ఎత్తునను ఉంచవలెను.